మదర్‌బోర్డుకు గీటురాయి

శనివారం మధ్యాహ్నం రెండు దాటాక, గని క్వార్టర్లలో మా పక్క లైను పిల్ల మా గడప ముందుకు వచ్చి నిలబడింది. కంప్యూటర్ పెట్టెను దుప్పటిలో చుట్టి, పెళ్లికి అరువు తెచ్చిన గుండిగను మోసినట్టు రెండు చేతులా పొట్టకు ఆనించుకుని ఉంది. చెప్పులు కూడా విడవలేదు.

"అక్కా, చచ్చిపోయింది," అంది.

వాళ్లమ్మకు పక్షవాతం వచ్చి ఏడాదవుతోంది కనుక ఆమె పోయిందనుకుని చెప్పులు వెతుక్కున్నాను. పిల్ల చేతుల్లో దుప్పటి చూశాక గానీ చచ్చింది ఎవరో తెలియలేదు.

"ఎప్పుడు?"

"పొద్దున. టైపు చేస్తా ఉంటే టక్కున ఆరిపోయింది. తొమ్మిది ఫైళ్లు మిగిలుండాయి అక్కా. సోమవారం పన్నెండు కొట్టేలోగా పంపల్ల. లేకుంటే ఇంగ రైలే."

రైలు అన్న మాటకు మా ఊళ్లో వివరం అక్కర్లేదు. బంగారు గనులు మూతపడ్డాక మాకు మిగిలిన పెద్ద గని ఆ బెంగళూరు రైలే. తెల్లవారకముందే మనుషులు అందులోకి దిగుతారు, చీకటి పడ్డాక పైకి వస్తారు. మా ఆయనా అందులోనే. ఈ పిల్ల కూడా ఆరేళ్లు తిరిగింది. వాళ్లమ్మ పడకేసిన కొత్తలో కూడా రెండు నెలలు తిరిగింది. పొద్దున పక్కకు తిప్పి పడుకోబెట్టి వెళితే, మళ్లీ తిప్పేది రాత్రి ఎనిమిదింటికి. ఆ రెండు నెలల్లో తుంటి మీద పుండు పడింది. ఉద్యోగం మానేసి, రెండు గంటలకొకసారి ఈ పక్కకు ఆ పక్కకు తిప్పుతూ కూర్చుంటే, అది మానడానికి మూడు నెలలు పట్టింది. డాక్టర్లు టేపులో చెప్పిన మాటలు విని ఇంగ్లీషులో టైపు చేసి పంపే పని ఆ తర్వాత దొరికింది. ఇంట్లోనే కూర్చుని చేసుకోవచ్చు. బెంగళూరు కంపెనీవాళ్లు పెట్టె కూడా వాళ్లే ఇచ్చి, నెల రోజులు చూస్తామన్నారు. ఆ నెల సోమవారంతో తీరుతుంది.

"అంగట్లో చూపించినావా?"

"చూపిస్తిని. బోర్డు మార్చల్ల అన్నాడు. మారిస్తే కంపెనీ ప్రోగ్రాము తెరుచుకోదు అక్కా. అది ఈ బోర్డును చూస్తేనే గుర్తుపడతాది. తాళం తీసే మనిషి బెంగళూర్లో ఉండాడు. శని ఆదివారం ఫోను ఎత్తడు."

అంటే అదే బోర్డు బతకాలి. అదీ రెండు రోజుల్లో. అదీ నా చేతిలో.

నా చెయ్యి గురించి నిజం చెప్పాలి. మా పుట్టింటిది బజారు వీధిలో స్టీలు పాత్రల అంగడి. అంతకుముందు తాత కాలంలో వెండి బంగారాల అంగడి. నేను నడక కన్నా ముందు బేరం నేర్చుకున్నానని మా అమ్మ అనేది. గనుల జీతాలు ఆగి అంగళ్లు ఈగలు తోలుకుంటున్న రోజుల్లో కంప్యూటర్ రిపేరు కోర్సులో చేరాను. ఫీజు సగానికి బేరమాడాను. వాళ్లు కూడా సగమే నేర్పారేమో అన్న అనుమానం నాకు ఇప్పటికీ ఉంది. నేర్చుకున్నది మూడు నెలలు, ఊళ్లో చెప్పుకున్నది ఆరు. అప్పటికి నేను సొంతంగా బాగుచేసినవి మౌసులు, కీబోర్డులు, ఒక మానిటరు స్విచ్చి. బోర్డును ముట్టుకున్నది లేదు.

"చేస్తాలే. నువ్వు పోయి అమ్మను చూసుకో," అన్నాను. అంగడివాళ్ల నోట్లో లేదన్న మాట పుట్టదు. సరుకు లేకపోయినా "రేపు వస్తాది" అంటామే గానీ లేదనం.

మూత తీస్తే లోపలంతా, బంగారం తీశాక గనివాళ్లు పారబోసిన సైనైడ్ దిబ్బ దుమ్ము. గాలి కాలంలో ఆ తెల్లటి పొడి మా ఊళ్లో అన్నంలోకే వస్తుంది, పెట్టెలోకి రావడం ఎంత! పాత రంగుల కుంచెతో ఊడ్చాను. ప్రాసెసర్ పక్కన వరసగా ఆరు బుడ్డి డబ్బాలు కనిపించాయి. కెపాసిటర్లు. కరెంటును కాసేపు నిలవ చేసి ఎగుడుదిగుడు లేకుండా వడ్డించేవి. వాటి తలలు చదునుగా ఉండాలి. ఇవి పూరీల్లా పొంగి ఉన్నాయి. రెండింటి నెత్తిన గోధుమరంగు జిగురు కారి ఎండిపోయింది. కోర్సులో ఈ పాఠం నేను వెళ్లిన రోజునే చెప్పారు, అదొక్కటీ నా అదృష్టం. ఆరూ పీకి అవే అంకెలున్న ఆరు పెట్టాలి. కొత్తవి మా ఊళ్లో దొరకవు. చచ్చిన బోర్డులోంచే తీసుకోవాలి.

ఆండర్సన్‌పేటలో పాత సామాన్లు కొనే ఒకాయన దగ్గర చచ్చిన బోర్డులు గోనెసంచి నిండా ఉంటాయని తెలుసు. వాటి పిన్నులకు పూసిన బంగారాన్ని యాసిడ్‌లో కరిగించి తీసేవాళ్లు నెలకొకసారి వచ్చి సంచీకి సంచీ ఎత్తుకుపోతారు. గని మూతపడినా మా ఊరివాళ్లకు బంగారం వాసన పోలేదు.

మా ఇంటి సూత్రం ఒకటుంది. బియ్యం కావాలంటే కందిపప్పు ధర అడగాలి. నేను వెళ్లి ముందు ఒక ఫ్యాను ధర అడిగాను. పెదవి విరిచాను. పాత టీవీ ధర అడిగాను. తల తిప్పుకున్నాను. తర్వాత ఏదో కాలికి తగిలినట్టు గోనెసంచి మూతి తెరిచాను. పైనే ఉంది, పచ్చటి బోర్డు. ఏడు డబ్బాలు, ఏడింటి తలలూ చదునుగా, అంకెలు సరిగ్గా నాకు కావలసినవి. నా మొహంలో ఏమీ కనిపించనివ్వలేదు. ఆ విద్యలో నాకు పోటీ లేదు.

"ఈ చెత్త ఎట్ల ఇస్తావప్పా?"

"చెత్తా? బంగారమమ్మా అది. విడిగా ఇచ్చేది లేదు. సంచి లెక్కనే."

"బంగారం నువ్వే పెట్టుకో. ఈ డబ్బాలు నాలుగు పెరుక్కొని పోతాను, పిల్లోళ్లు ఆడుకునేదానికి."

అక్కడే చెడింది. ఆయన కళ్లద్దాలు పైకి తోసుకుని నన్ను తేరిపార చూశాడు.

"బంగారం వద్దనే మనిషిని ఈ ఊళ్లో ఇప్పుడే చూస్తా ఉండాను. మీది బజారు వీధి పాత్రలంగడి గదా?"

"అవును."

"తాతది నగలంగడి?"

"అయితే ఏమి?"

"నగలంగడోళ్ల మనవరాలు బంగారం వదిలేసి డబ్బాలు అడుగుతా ఉందంటే, ఆ డబ్బాల్లో ఏముందో నేను చూడల్ల గదమ్మా."

నేను నోరు తెరిచేలోగా రేకు కత్తిర తీసుకుని ఒక డబ్బాను నడిమికి కటుక్కున కోసేశాడు. లోపల చుట్టిన రేకు, తడి కాగితం, చేపల సంతలో నీళ్లు నిలిచిన వాసన. ఆయన దాన్ని విప్పి వెలుతురుకు పట్టి చూశాడు. నమ్మకం కుదరలేదు. ఇంకోటి కోశాడు.

"అప్పా, ఆపప్పా!" అని అరిచాను.

"అరుస్తా ఉండావంటే ఏదో ఉండాది!" అని మూడోదాని మీద కత్తిర పెట్టాడు.

ఇక లాభం లేదు. జీవితంలో మొదటిసారి బేరం మధ్యలో నిజం చెప్పాను. పిల్ల గురించి, పెట్టె గురించి, పక్షవాతం గురించి, సోమవారం గురించి. చెబుతుంటే నాకే కొత్తగా, గొంతు ఎక్కడ పెట్టుకోవాలో తెలియనట్టుగా ఉంది. ఆయన కత్తిర కింద పెట్టి చేతులు పంచెకు తుడుచుకున్నాడు.

"ఆ లైనింటి పిల్లా? వాళ్ల నాయనా నేనూ ఒకే షిఫ్టులో దిగినోళ్లం. ముందే చెప్పుంటే ఊరికే ఇచ్చిందును గదమ్మా. సుమ్నే రెండు దండగైపోయా."

ఏడులో రెండు పోగా ఐదు. నాకు కావలసింది ఆరు. ఆయనే గోనెసంచి నేల మీద కుమ్మరించి, ఇద్దరం మోకాళ్ల మీద కూర్చుని, ఒక్కో బోర్డు తిప్పి అంకెలు చదివాం. పొద్దు వాలేవేళకు ఆరోది దొరికింది. అంకెలు అవే గానీ వేలెడంత పొడుగు. ధర అడిగితే చెయ్యి ఊపేశాడు. బేరం లేకుండా సరుకు తీసుకుని బయటికి రావడం నాకు చెప్పుల్లేకుండా నడిచినట్టు ఉంది.

నేను మెట్లు దిగుతుంటే ఆయన వెనక నుంచి, "ఆ పెట్టెలో ర్యామ్ అని ఒక కడ్డీ ఉంటాది చూడు. దాని పళ్లన్నీ బంగారమే. చెడిపోతే పారెయ్యద్దు, నాకే తెచ్చియ్యి," అన్నాడు.

ఆ మాట అనకుండా ఉంటే బాగుండేది. లేదు, తప్పు ఆయనది కాదు, నాదే.

ఇంటికి వచ్చి, పని తెల్లారి వెలుతురులో చేద్దామని బోర్డు మీది కార్డులు, తీగలు ఊడదీసి వరసగా పెట్టుకున్నాను. ర్యామ్ కడ్డీ చేతిలోకి వచ్చింది. అడుగున వరసగా పళ్లు. పచ్చగా, మెత్తగా, మా తాత అంగట్లో సాయంత్రం వెలుతురుకు మెరిసే రంగు. నిజంగా బంగారమేనా, ఎంత బంగారం? బీరువా అడుగున తాత గీటురాయి ఉంది, సబ్బు బిళ్లంత నల్లరాయి. తీశాను. ఒక పన్నుతో ఒక్క గీత గీస్తే ఏమవుతుంది అనుకున్నాను. గీత పలచగా వచ్చింది. సరిగా తెలియలేదు. ఇంకోసారి గీశాను. మూడు పళ్లు అయ్యాయి. రాతి మీద వెంట్రుకంత పసుపు చార. ఇంత మాత్రానికా వీళ్లు సంచులు మోసుకుపోతున్నారు అని నవ్వుకుని రాయి లోపల పెట్టేశాను. కడ్డీ పళ్ల మీద మూడు తెల్లటి గీరలు కనిపించాయి. చూసి కూడా, వేలితో తుడిచి ఊరుకున్నాను.

ఆదివారం పొద్దున చర్చి గంట కొడుతుండగా ఆ పిల్ల వచ్చింది. అమ్మను తిప్పి, గంజి పట్టి వచ్చానంది. ప్రార్థనకు వెళ్లలేదా అంటే, "ఆ దేవుడే ఇక్కడికి వస్తే బాగుండు," అంది.

బోర్డును పాత చీర మీద బోర్లించాం. నా దగ్గరున్నది పెన్సిలంత సోల్డరింగ్ ఐరన్. ఒక్కో డబ్బాకు రెండు కాళ్లు. ఒక కాలు సులభంగా వచ్చేస్తుంది. రెండోది బోర్డు లోపలి రాగి రేకుకు అంటి ఉంటుంది, ఎంత వేడి పెట్టినా ఆ రేకు మింగేస్తుంది. ఎక్కువసేపు పెడితే రంధ్రం చుట్టూ ఉన్న రాగి వలయం ఊడి వస్తుంది. ఊడితే ఇక ఆ బోర్డు ఆండర్సన్‌పేట సంచిలోకే.

"నేను వేడి పెడతాను. నువ్వు ఆ పక్క నుంచి డబ్బాను మెల్లగా ఊపు. లాగద్దు. ఊపు."

"ఊపుతా ఉండాను."

"లాగుతా ఉండావు."

"అక్కా, నా చెయ్యి నాకు తెలీదా?"

మొదటిది వచ్చింది. రెండోది వచ్చింది. నాలుగోది రానంటే రానంది. వేడికి బోర్డు రంగు కొంచెం ముదిరినట్టు కనిపించి ఐరన్ తీసేశాను. అది చల్లారే దాకా ఆగాను. మళ్లీ పెట్టాను. లోలోపల అంకెలు లెక్కపెట్టుకుంటున్నాను. పన్నెండు దగ్గర డబ్బా ఊడి ఆమె వేళ్ల మధ్యకు వచ్చింది. రాగి వలయం ఒక అంచున లేచింది గానీ తెగలేదు. ఊపిరి వదిలాక చూస్తే ఆమె పెదవి పంటి కింద తెల్లబడి ఉంది.

పిన్నీసుతో రంధ్రాల్లో మూసుకుపోయిన సీసం తోశాను. ఐదు డబ్బాలు చారలున్న పక్క చూసి, రెండుసార్లు సరిచూసి దించాను. తిరగేసి పెడితే టపాకాయలా పేలుతాయి. పొడుగుది నిలబెడితే ఫ్యానుకు తగులుతోంది, కాళ్లు వంచి పక్కకు పడుకోబెట్టాను.

"అమ్మను పడుకోబెట్టినట్టే పెట్టినావు," అంది ఆ పిల్ల. అదే ఆ పూట ఆమె నోట వచ్చిన మొదటి నవ్వు.

మధ్యలో రెండుసార్లు వాళ్లమ్మను తిప్పడానికి పరుగెత్తి వెళ్లి వచ్చింది. అన్నీ బిగించి స్విచ్చి వేసేసరికి ఒంటిగంట. ఫ్యాను తిరిగింది. ఆమె నా భుజం పట్టుకుంది. తెర మీద ఏమీ రాలేదు. పెట్టెలోంచి పొడుగ్గా ఒక కూత, కాస్త ఆగి మళ్లీ అదే కూత.

ఆ కూత అర్థం నాకు తెలుసు. ర్యామ్ కనబడటం లేదని బోర్డు అరుపు.

"ఏమైందక్కా?"

"దుమ్ము," అన్నాను.

రబ్బరుతో పళ్లు రుద్దాను. పెట్టాను. కూత. మళ్లీ రుద్దాను. కూత. ఆండర్సన్‌పేటలో వేరే కడ్డీ దొరకొచ్చు గానీ ఆదివారం అదీ, కంప్యూటర్ అంగడీ తెరవవు, సోమవారం తెరిచేది పదకొండు దాటాక. విసుగొచ్చి బొటనవేలితో కడ్డీని గట్టిగా అదిమాను. కూత ఆగింది. తెర మీద తెల్లటి అక్షరాలు వచ్చాయి. ఆమె చప్పట్లు కొట్టింది. వేలు తీశాను. తెర బిగుసుకుపోయింది.

అట్టముక్క మడిచి దోపాను. రబ్బరు బ్యాండు చుట్టాను. బట్టలకు పెట్టే క్లిప్పు పెట్టాను. ఏది పెట్టినా ఫ్యాను అదురుకు కొన్ని నిమిషాల్లో సడలి బిగుసుకుపోతోంది. వేలైతేనే ఎంత నొక్కాలో దానికి తెలుస్తోంది. పెట్టెను వాళ్లింటికి మోసుకుపోయి బిగించేసరికి కరెంటు పోయింది. తెల్లారేదాకా మళ్లీ రాలేదు.

సోమవారం ఏడింటికి నేను వాళ్లింట్లో పీట మీద కూర్చున్నాను. పెట్టె పక్కకు పడుకుని మూత లేకుండా ఉంది. నా బొటనవేలికి గుడ్డ చుట్టుకుని కడ్డీ మీద ఆనించాను. ఆమె చెవులకు హెడ్‌ఫోన్లు పెట్టుకుని మొదలుపెట్టింది. తొమ్మిది ఫైళ్లు, ఒక్కోటి అరగంట. పన్నెండుకు అరగంట మాత్రమే మిగులు. అది కూడా వాళ్లమ్మను తిప్పడానికే సరిపోతుంది.

రెండు ఫైళ్లు అయ్యాయి. నా వేలు మొద్దుబారింది. మూడోది సగంలో ఉండగా వేలు వెంట్రుకవాసి కదిలింది. తెర బిగుసుకుపోయింది. ఆ సగం పోయింది. ఆపి మళ్లీ వేయాల్సి వచ్చింది. ఆమె హెడ్‌ఫోన్లు మెడలోకి దించి నా వైపు తిరిగింది.

"నిజం చెప్పక్కా. శనివారం దాకా ఈ కడ్డీ బాగానే ఉన్నింది. డబ్బాలు గదా చెడింది? దీనికేమైంది?"

మూడు నెలల కోర్సు, బజారు వీధి, ముప్పై ఏళ్ల బేరాలు, ఏవీ ఆ క్షణాన అబద్ధం అందించలేదు.

"గీటురాయి మీద గీసినాను."

"ఏమి?"

"బంగారమా కాదా అని. మూడు పళ్లు."

ఆమె నన్ను చూసిన చూపు ఇక్కడ రాయలేను. తెర వెలగగానే హెడ్‌ఫోన్లు పెట్టుకుని మూడో ఫైలు మొదటి నుంచి మొదలుపెట్టింది. తిట్టి ఉంటే నేను ఎదురు మాట్లాడి ఉందును. నాలుగోది అయింది. ఐదోది అయింది. ఆమె నా వేలి వైపు తప్ప నా మొహం వైపు చూడలేదు. నేను ఎడమ చేతి వేలిని కుడిచేతి వేలి పక్కన పెట్టి, మెల్లగా బరువు మార్చి, గుటక వేసి, కుడి వేలు తీసి విదిలించుకున్నాను. అది నాది కాదన్నట్టు ఉంది.

పది కావస్తుండగా లోపలి గది నుంచి వాళ్లమ్మ పిలిచింది. పక్కకు తిప్పే వేళ దాటిపోయింది. పక్షవాతంతో మాట ముద్దగా వస్తుంది గానీ చెవులు చురుకు. గోడ ఈ లైనిళ్లలో పేరుకే.

"బంగారం గీకినావంటనే?" అని అడిగింది లోపలి నుంచి.

నేను తల వంచుకున్నాను. వేలు మాత్రం వంచలేదు.

"అవునాంటీ."

"మా ఆయన ముప్పై ఏండ్లు గనిలోకి దిగి పైకొచ్చినాడు. దినామూ గేట్లో నోరు తెరిపించి, జుట్టు విదిలించి చూస్తా ఉండిరి. గోరు కింద అంత కూడా తేలా. నువ్వు మా ఇంటి బంగారాన్నే గీకితివే!"

ఆ పిల్ల భుజాలు కదిలాయి. ఏడుస్తోందనుకున్నాను. కీబోర్డు మీద నుంచి చేతులు ఎత్తేసి నవ్వుతోంది. నవ్వుతూనే లేచి లోపలికి వెళ్లి, "నువ్వొకదానివి అమ్మా," అంటూ తల్లిని పక్కకు తిప్పింది. దిండు సరిచేసింది. తిరిగి వచ్చి, నా చేతి దగ్గర కాఫీ లోటా పెట్టి, అది అందుకుంటే నా వేలు కదులుతుందని అప్పుడు తట్టి, తనే నా నోటికి పట్టింది. కోపం పోయిందో లేదో నేను అడగలేదు. అడిగే హక్కు నాకు ఆ పూటకు లేదు.

"ఇంగో నాలుగు," అంది. "కదిలినావంటే చంపేస్తాను."

ఆ తర్వాతి రెండు గంటలు నేను మనిషిని కాను, ఒక మేకును. చీమ ఒకటి మోచేతి మీదుగా ఎక్కి భుజం దాకా పోయింది. పదకొండింటికి ఒకసారి కరెంటు పోయి, కింద ఉన్న యూపీఎస్ కూయడం మొదలుపెట్టింది. దానికి పది నిమిషాల ప్రాణం. ఆమె టైపు చేస్తూనే ఉంది, వేగం పెంచిందే గానీ తల ఎత్తలేదు. నిమిషాలు ఆమె లెక్కపెట్టడం లేదు, నేను పెడుతున్నాను. ఎనిమిదో నిమిషంలో పైన ఫ్యాను తిరిగింది. కళ్లలో నీళ్లు తిరిగాయి, తుడుచుకుంటే వేలు కదులుతుందని వదిలేశాను.

తొమ్మిదో ఫైలు ముగిసేసరికి పన్నెండుకు తొమ్మిది నిమిషాలు. ఫోను వైరు తగిలించింది. మోడెం కీచుమని, గీమని, గొంతు సవరించుకుని కలిసింది. ఫైళ్లు ఒక్కొక్కటే పోతున్నాయి. ఆ సమయంలో ఎవరైనా ఇంటికి ఫోను చేస్తే లైను తెగుతుంది. లోపల నుంచి ఆంటీ ప్రార్థన సన్నగా వినిపిస్తోంది. ఎనిమిది పోయాయి. తొమ్మిదోది సగంలో నిలిచింది. తెర మీది నీలం గీత కదలదు. గోడ గడియారం పన్నెండు కొట్టింది. మేమిద్దరం ఆ గీతను చూస్తూనే ఉన్నాం. పన్నెండు దాటి నాలుగు నిమిషాలకు అది చివరికంటా జరిగింది.

"ఆలస్యమైపోయింది," అంది ఆమె. లోపలి గది తలుపు పట్టుకుని నిలబడింది. "నాలుగు నిమిషాలు."

అంగడిలో అయితే నేను ఈ నాలుగు నిమిషాలకు వంద మాటలు చెప్పేదాన్ని. గడియారాలు తేడా, రైలు ఆలస్యం, మీదే తప్పు అని వాళ్ల మీదికే తోసేసేదాన్ని. అప్పుడు ఒక్క మాట కూడా రాలేదు. ఆ మూడో ఫైలు సగం పోకుండా ఉంటే నాలుగు నిమిషాలేం, పావుగంట మిగిలేది. అది ఇద్దరికీ తెలుసు. ఆమె లోపలికి వెళ్లి, తల్లి తలకు నూనె రాస్తూ కూర్చుంది. నేను తెర ముందు ఒంటరిగా కడ్డీ నొక్కుకుంటూ కూర్చున్నాను. వేలు తీస్తే జవాబు వచ్చినా చూసే దారి ఉండదు.

పన్నెండున్నరకు తెర మూలన ఒక కవరు బొమ్మ ఎగిరింది.

"వచ్చిందే!" అని కేక వేశాను.

చేతికి నూనెతోనే పరుగెత్తుకుని వచ్చింది. తెరిచింది. చదివింది. మళ్లీ చదివింది. మొహం చూసి ఏమీ తెలియడం లేదు. బేరంలో నాకన్నా గట్టిది.

"ఏమంటారు?"

"ఏమీ అనలా. బాగుందనలా, లేటనలా." నూనె చేతిని చీర కొంగుకు తుడుచుకుని తెర కింది భాగం చూపించింది. "పద్నాలుగు ఫైళ్లు పంపినారు. బుధవారానికి కావల్లంట."

లోపలి నుంచి ఆంటీ, "ఏమైందే? రైలేనా?" అని అడిగింది.

"కాదమ్మా," అంది ఆమె. అక్కడే నేల మీద నా పక్కన కూలబడి, తల నా మోకాలికి ఆనించింది. నేను రెండో చేత్తో ఆమె జుట్టు నిమిరాను. తర్వాత మెల్లగా, "ఇంగ వేలు తియ్యనా?" అన్నాను.

ఆమె తల ఎత్తకుండానే చెయ్యి చాచి నా మణికట్టు పట్టుకుంది.

"తియ్యద్దక్కా. ఫైళ్లు ఇంకా దిగుతా ఉండాయి."